చిరక

మాకు ఆదివారం శుక్రవారం నాడొస్తుంది.
అబ్బాసియాలో మూడో అంతస్తు, పరదా వేసిన హాలు,
చెప్పులు బయట కనపడకుండా లోపలే పెట్టుకుని
ముప్పై ఆరుమందిమి గొంతు తగ్గించి పాడుకుంటాం.
నెలకో బల్ల.
బల్లకు రసం నా వంతు.

జమియాలో నల్లద్రాక్ష చౌకైన రోజు చూసి రెండు కిలోలు.
గింజ తీసి, నలిపి, ఒక పొంగు రానిచ్చి,
గుడ్డలో వడగట్టి
రెండు వింటో సీసాల్లో పోసి మూత బిగిస్తాను.
జహ్రాలో, మామా ఇంట్లో, వంటగది వెనక గదిలో,
నా మంచం కింద.
నాలుగేళ్లుగా మాట వింటూనే ఉండింది.

ఈ ఆగస్టులో వినలేదు.
పొంగు రాకముందే చంటిది ఏడ్చిందని పొయ్యి ఆపేశాను.
ఆ రాత్రే నా గదిలో ఏసీ పోయింది.
మెకానిక్ ఎల్లుండి అన్నాడు.
వాడి ఎల్లుండికి ఐదు రోజులు.

మూడో రాత్రి మంచం కింద ఎవరో
పళ్లసందున గాలి పీలుస్తున్నట్టు చప్పుడు.
సీసాల మెడదాకా నురగ.
మూత తిప్పితే బుస్సుమంది.

నాకీ దారి తెలుసు,
పుల్లంపేటలో జేజి కలికుండ పక్కన పెరిగినదాన్ని.
తీపికి ఊరికే ఉండటం చేతకాదు.
మూత బిగిస్తే మత్తెక్కుతుంది,
మూత తీస్తే పులిసి బుద్ధి తెచ్చుకుంటుంది.
నేను బిగించాను. భయమేసి బిగించాను.

ఐదో రోజు మామా తలుపులో నిలబడి ముక్కెగరేసింది.
"శనూ హాదా, యా కరుణా?"
ఇక్కడ ఆ వాసనకు అసలు పేరు చెబితే
తిరుగు టికెట్టు మనం కొనుక్కోనక్కర్లేదు.
నోరు నాకంటే ముందు కదిలింది.
"ఖల్, మామా."
చిరక. ఊరగాయకు.

సీసా ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టుకుంది.
నా అఖామా, మా చిన్నోడి ఐటీఐ ఫీజు
అందులో బుడగలు బుడగలుగా పైకి పోతున్నాయి.
"ఎన్నాళ్లకవుతుంది?"
"రెండు వారాలు."
"జైన్. టర్నిప్పులు ఊరేద్దాం."

అట్లా నా అబద్ధానికి గడువు పడింది.

వెడల్పు జాడీలోకి వంచాను.
ప్రార్థనకు కప్పుకునే తెల్లముసుగు చింపి మూతికి కట్టాను,
గాలి పోవాలి, ఈగ పోకూడదు.
జాడీని వంటగట్టు మీదే, అందరి కళ్లముందే పెట్టాను.
దాచినదే సారా అవుతుందనిపించింది.

రాత్రిళ్లు ఇల్లు పడుకున్నాక
వేలు ముంచి నాలుకకు రాసుకునేదాన్ని.
మొదట్లో నాలుక సంబరపడింది, దానికి సిగ్గులేదు.
ఏడోనాటికి గొంతులో గిల్లింది.
తొమ్మిదోనాడు పైన పొర కట్టింది,
ఆరిన పాల మీద మీగడలాగా, కానీ జారుడుగా.
జేజి అయితే తోడు అనేది దాన్ని.
దానితో మాట్లాడాను కూడా.
కానీ తల్లీ, తొందరగా కానీ.
పెళ్లింట్లో నీళ్లను మార్చినవాడా,
ఇక్కడ ఇంకొక్క అడుగు ముందుకు మార్చు.

నడుమ ఒక బల్ల వచ్చింది.
వింటో నీళ్లలో కలిపి తీసుకెళ్లాను.
దైవసహాయం అయ్యగారు కళ్లు మూసుకునే ఉన్నారు.
క్రేన్ తోలే సంసోను మాత్రం
"ఈసారి తియ్యగుందే అక్కా" అన్నాడు.

పద్నాలుగో పొద్దున మామా
చెంచాతో తీసి నోట్లో వేసుకుంది.
ఒక కన్ను మూతపడింది. దవడ బిగిసింది.
నేను గిన్నె తోముతూనే ఉన్నాను, తోమిన గిన్నెనే.
"హామిద్!" అని భుజం మీద చరిచింది.
పుల్లగా ఉందంట.
నేను చెప్పింది అప్పటికి నిజమైంది.

బీట్రూటు ముక్కతో టర్నిప్పులు గులాబీ రంగు తిరిగాయి.
నాకూ ఒక గిన్నెడు పెట్టింది.
పప్పన్నంలో నంజుకున్నాను. బాగానే ఉంది,
కొంచెం ఉప్పు తక్కువ.

జాడీ అడుగున గుక్కెడు మిగిలింది, పొరతో సహా.
పారబోయలేదు.
మళ్లీ నెల ద్రాక్షకు మాత్రం
పొంగొచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడతాను,
చంటిది ఏడ్చినా,
చంకనేసుకునైనా.